మడి మనది, కొలత ఎవరిది?

“రైతుకు ప్లానింగ్ లేదు.” టమోటా ధర పడినప్పుడల్లా ఈ మాట వినపడుతుంది. మీటింగుకు వచ్చిన అధికారి అంటాడు, టీవీలో కూర్చున్న పెద్దమనిషి అంటాడు, ఈమధ్య మన పిల్లలే అంటున్నారు. అందరూ ఒకేసారి వేస్తారట, ఒకే రకం వేస్తారట, సందు లేకుండా నాటుతారట, ఆపైన రోడ్డు మీద పారబోసి ప్రభుత్వాన్ని తిడతారట. వినడానికి నిజంలాగే ఉంటుంది. మదనపల్లె నుంచి ములకలచెరువు దాకా బస్సు కిటికీలోంచి చూసుకుంటూ పోండి. తోటలన్నీ ఒకే వయసు, కాయలన్నీ ఒకే ఆకారం, మడులన్నీ ఒకే కొలత. వేల మంది రైతులు ఎవరికి వాళ్లు ప్లానింగ్ లేకుండా చేస్తే ఇంత పొందిక వస్తుందా? రాదు. ప్లానింగ్ జరిగింది కాబట్టే వచ్చింది. కాకపోతే అది మన ఇళ్లలో జరగలేదు. విత్తనాల షాపులో, నర్సరీ షెడ్డులో, డ్రిప్పు డిజైను కాగితం మీద, మండీ క్రేటులో జరిగింది. మనం డబ్బు కట్టి, నష్టం వస్తే నెత్తిన వేసుకున్నాం.

ఈ నెల ఆ లెక్కే చూద్దాం. రకం ఎవరు నిర్ణయిస్తున్నారు, మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం ఎవరు నిర్ణయిస్తున్నారు, ఎందుకు? ఇది పొలం పని గురించిన మాట, సంఘం పత్రికలో ఎందుకని కొందరు అనుకోవచ్చు. గిట్టుబాటు ధర కోసం ధర్నా చేసే మనం, పెట్టుబడి పెరిగే చోట మాత్రం నోరు మూసుకుంటున్నాం. అది కూడా ధర్నా చేయాల్సిన చోటే.

ముందు ఒక మాట స్పష్టంగా చెబుతాను. ఎత్తు మడి మీద నాకేమీ కోపం లేదు. కాలువలు పారించి బోదెల మీద నాటే రోజుల కంటే ఇది మేలు. వాన పడితే నీళ్లు కాలవలోకి జారిపోతాయి, వేరు కుళ్లదు, మట్టి గుల్లగా ఉంటుంది, కలుపు తగ్గుతుంది. మన ఎర్ర గరప నేలల్లో అరడుగు ఎత్తు చాలు. పత్తికొండ వైపు నల్లరేగడిలో అయితే అడుగుదాకా లేపాలి, లేకుంటే వారం వాన పడితే చెట్టు పసుపెక్కి కూర్చుంటుంది. 2021 నవంబరు వానలు గుర్తు తెచ్చుకోండి. చదునుగా నాటిన చేలు ఎన్ని పోయాయో మనకు తెలుసు. మడి ఎత్తు మీద ఎవరికీ తగాదా లేదు. తగాదా మడికీ మడికీ మధ్య, మొక్కకూ మొక్కకూ మధ్య ఉన్న దూరం మీద.

ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. మడి నడుమ నుంచి పక్క మడి నడుమకు 4 అడుగులు పెట్టి, మడి మీద అడుగుకొక మొక్క చొప్పున ఒకే వరుస నాటితే 10,890 మొక్కలు పడతాయి. అదే మడికీ మడికీ 5 అడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఇస్తే 5,808 మొక్కలు. తేడా 5,082. ఇప్పుడు ఈ తేడా ఎవరి జేబులోకి పోతుందో చూడండి. మొక్క రూపాయి లెక్క వేసుకున్నా నారు దగ్గరే అయిదు వేలు. విత్తనం కొని నారు పోయించుకునేవాళ్లకు, 10 గ్రాముల ప్యాకెట్లో సుమారు 3,000 గింజలుంటాయి కాబట్టి, రెండు ప్యాకెట్లతో పోయేది నాలుగు ప్యాకెట్లవుతుంది. మొక్కకొక కట్టె అంటే అయిదు వేల కట్టెలు ఎక్కువ. వాటిని దించాలి, పాతాలి, దారం కట్టాలి, పంట అయ్యాక పీకి కుప్ప వేయాలి. మల్చింగు షీటు 400 మీటర్ల చుట్ట వస్తుంది. 4 అడుగుల మడులకు ఎకరాకు ఎనిమిది చుట్టల పైన కావాలి. 5 అడుగుల మడులకు ఏడు తెస్తే ఇంకా ముక్క మిగులుతుంది. డ్రిప్పు పైపు 3,300 మీటర్లు పోయేచోట 2,650 మీటర్లతో అయిపోతుంది. ఇంకా మందుల సంగతి చెప్పలేదు.

షాపాయన ఏ కొలత చెబుతాడో ఇప్పుడు అర్థమైంది కదా. ఆయన చెడ్డవాడు కానక్కర్లేదు. ఆయన అమ్మేది ప్యాకెట్లు, చుట్టలు, మందు డబ్బాలు. దూరం పెంచితే ఆయన అమ్మకం తగ్గుతుంది. “ఎన్ని మొక్కలుంటే అన్ని కాయలు అన్నా” అనే మాట ఆయన వ్యాపారానికి సరిపోయే మాట. దాన్ని వ్యవసాయ సలహా అనుకోవడం మనకు తగదు.

మొక్కలు ఎక్కువైతే కాపు ఎక్కువ అన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. కొంత దూరం వరకు నిజమే, దగ్గరగా నాటితే ఎకరా మొత్తం తూకం కొంత పెరగవచ్చు. కాయ సైజు మాత్రం తగ్గుతుంది. మండీలో మనకు డబ్బు తూకానికి మాత్రమే రాదు, గ్రేడుకు వస్తుంది. మొదటి రకం కాయకూ రెండో రకం కాయకూ ధర ఎంత తేడా ఉంటుందో వేలం పాట దగ్గర నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. ధర బాగున్న రోజు గోలికాయకు కూడా గిరాకీ ఉంటుంది. ధర పడిన రోజు మొదట మిగిలిపోయేది ఆ గోలికాయే. అంటే దగ్గర నాటు మంచిరోజున కొంచెం కలిసొస్తుంది, చెడ్డరోజున ముందు మునుగుతుంది. మనకు ఏ రోజులు ఎక్కువో లెక్క మీరే వేసుకోండి.

గాలి సంగతి వేరే చెప్పాలి. కట్టె మీద నాలుగయిదు అడుగులు పెరిగే హైబ్రిడ్‌ను అడుగు ఎడంలో నాటితే, నలభై రోజులకు ఆకులో ఆకు కలిసిపోతుంది. మంచు పడినా, వాన పడినా మధ్యాహ్నం దాకా ఆకు ఆరదు. ఆకుమచ్చకు, లేటు బ్లైటుకు కావలసింది ఆ తడే. లోపలి ఆకుల అడుగున తెల్లదోమ ఉంటే మన మందు పొగ అక్కడిదాకా పోదు. ఊజీ పురుగు ఆకులో సొరంగాలు చేసినా, కాయకు చిల్లి పెట్టినా బయటి నుంచి కనపడదు. అప్పుడు మూడు రోజులకొక మందు, ఆ మందుకు తోడు ఇంకొకటి కలపమని సలహా. దగ్గర నాటుతో పెరిగిన నారు ఖర్చు ఒక్కసారితో పోతుంది. మందుల ఖర్చు పంట ఉన్నన్నాళ్లూ వెంటాడుతుంది. కోతకు వచ్చే ఆడకూలీలను కూడా అడగండి. 5 అడుగుల సందులో బుట్ట పట్టుకుని నడవచ్చు. 4 అడుగుల మడుల్లో కొమ్మలు పక్కకు నెట్టుకుంటూ, మందు చల్లిన ఆకులు మొహానికి తగులుతుంటే వంగి కోయాలి. వాళ్ల కళ్ల మంటలు, చేతుల దురదలు మన ఎకరా లెక్కలో ఎక్కడా రాయం.

పాత పట్టిక, కొత్త పైపు

సరే, షాపాయన మాట వద్దు, ప్రభుత్వం మాట విందామంటారా? రైతు సేవా కేంద్రానికి పోండి. అదే, నిన్నటి రైతు భరోసా కేంద్రం. బోర్డు మారింది, లోపలి కుర్చీలు అవే. అక్కడ చెప్పే కొలతలు ఇవి: వానాకాలం 60×60 సెంటీమీటర్లు, శీతాకాలం 60×45, వేసవి 45×30. ఇవి తప్పు కొలతలు కావు. పొట్టిగా, గుబురుగా పెరిగి, కట్టె లేకుండా నేల మీద వాలి కాసే పీకేఎం-1 లాంటి రకాలకు సరిపోయే కొలతలు. వేసవిలో దగ్గరగా నాటమన్నదానికి కూడా అర్థముంది. ఆకులు కప్పుకుని కాయకు ఎండ దెబ్బ తగలదని. వానాకాలంలో ఎడం ఎక్కువ ఇవ్వమన్నది గాలి కోసం.

కానీ ఈ కొలతలను ఎకరాకు మార్చి చూడండి. 60×60 అంటే 11,000 మొక్కలు, 60×45 అంటే 15,000, 45×30 అంటే 30,000. ఎత్తు మడి మీద, డ్రిప్పుతో, కట్టెతో, నాలుగయిదు నెలలు కాసే హైబ్రిడ్‌ను ఎకరాకు 15,000 మొక్కలు నాటేవాడు ఎవడైనా ఉన్నాడా? రకం మారింది, మడి మారింది, నీళ్లిచ్చే పద్ధతి మారింది. పట్టిక మారలేదు. మన నేలలో, మన సీజన్లో, ఇప్పుడు మనం నాటుతున్న రకాలను 4 అడుగుల్లో ఒకటి, 5 అడుగుల్లో ఒకటి, 6 అడుగుల్లో జంట వరుసగా ఒకటి నాటి, కాపు, గ్రేడు, మందుల ఖర్చు మూడూ తూచి గోడ మీద రాసే పని ఎవరిది? విశ్వవిద్యాలయాలు మనకున్నాయి, పరిశోధనా కేంద్రాలున్నాయి, ఉద్యానశాఖ ఉంది. ఆ పని వాళ్లు మన మండలాల్లో చేసి మనకు తెలుగులో చెప్పకపోతే, ఖాళీగా ఉన్న ఆ గోడ మీద కంపెనీ తన పోస్టరు అంటిస్తుంది. అదే జరిగింది.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు, డ్రిప్పు పైపు. 2003లో సూక్ష్మసేద్యం పథకం వచ్చినప్పటి నుంచి మన ఎడం చాలావరకు ఆ పైపే నిర్ణయిస్తోంది. సబ్సిడీ డిజైనులో పైపుకూ పైపుకూ ఎంత దూరం, పైపు మీద చుక్క పడే రంధ్రానికీ రంధ్రానికీ ఎంత దూరం అన్నది ముందే రాసి ఉంటుంది. రైతు చేసేదేముంది, చుక్క పడేచోట మొక్క పెడతాడు. దరఖాస్తు పెట్టేటప్పుడే “నేను 5 అడుగుల మడులు వేస్తాను, దాని ప్రకారం డిజైను వేయండి” అని అడిగే హక్కు మనకుంది. అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు అసలే లేరు. కౌలు రైతుకు ఆ మాత్రం కూడా లేదు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కార్డు చేతికొచ్చిన కౌలుదారుకైనా డ్రిప్పు సబ్సిడీ దగ్గరికి పోతే పట్టా పాసుపుస్తకమే అడుగుతారు. భూయజమాని ఎప్పుడో వేసుకున్న పైపే కౌలుదారుకు కొలత. కౌలూ అతనే కడతాడు, పెట్టుబడీ అతనే పెడతాడు, మొక్క ఎక్కడ నాటాలో మాత్రం యజమాని పైపు చెబుతుంది.

రకం ఎవరి ఇష్టం?

రకం దగ్గరికి వద్దాం. హైబ్రిడ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. నాటు టమోటా చారుకు బాగుంటుంది, ఇంటి వెనక నాలుగు చెట్లు అందరం వేసుకోవాలి. కానీ అది లారీ ఎక్కి మూడు రోజులు ప్రయాణం చేసి కోల్‌కతాలో దిగదు. గట్టి తోలు, ఒకే సైజు, క్రేటులో అడుగున ఉన్నా నలగని కాయ, ఇదే వ్యాపారి అడిగేది. కంపెనీలు ఆ కాయనే తయారు చేశాయి, మనం వేస్తున్నాం. అక్కడిదాకా బాగానే ఉంది.

బాగా లేనిది ఏమిటంటే, రకాన్ని ఎంచుకునేటప్పుడు మన చేలో ఉన్న జబ్బును ఎవరూ అడగడం లేదు. వేసవిలో తెల్లదోమ ఎక్కువ, ముడత వైరస్ ఎక్కువ. అప్పుడు ముడతను తట్టుకునే రకం కావాలి. వానాకాలంలో ఆకుమచ్చ, కాయ పగులు. చలికాలం మంచులో లేటు బ్లైటు. వరసగా టమోటా మీద టమోటా, లేకుంటే వంగ, మిరప వేసిన చేలో బ్యాక్టీరియా ఎండు తెగులు మట్టిలోనే కూర్చుని ఉంటుంది. పచ్చగా ఉన్న చెట్టు పూటలో వడలిపోతే, కాండం కోసి గాజుగ్లాసులో నీళ్లలో ముంచి చూడండి. పాలలాంటి తెల్లటి చార దిగితే అది ఎండు తెగులే. ఏ మందు పోసినా ఆ చెట్టు బతకదు. ఆ చేనికి రకమైనా మారాలి, పంటైనా మారాలి. ఇన్ని సంగతులున్నప్పుడు, మండలానికంతటికీ ఏడాది పొడవునా ఒకటి రెండు రకాలేనా? నర్సరీలో ఏ ట్రేలు ఉంటే అవే మన రకం. ఆ ట్రేల్లో ఏముండాలన్నది పోయిన వారం మండీలో ఏ కాయకు ధర పలికిందో దాన్నిబట్టి. పోయిన వారం ధర చూసి ఈ వారం నాటితే, మన కాయ వచ్చేసరికి రెండు నెలల పైన పడుతుంది. అప్పటికి కోలారు కాయ కూడా వచ్చి కూర్చుంటుంది. అక్కడి నర్సరీల్లోనూ అవే ట్రేలు.

ప్రజల సొమ్ముతో నడిచే సంస్థల్లో రకాలు లేవా? ఉన్నాయి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ మనకు కొన్ని గంటల ప్రయాణం. అర్క రక్షక్, అర్క సామ్రాట్ అనే హైబ్రిడ్లు ముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకునేలా అక్కడ తయారైనవే. తర్వాత వచ్చిన అర్క అభేద్ లేటు బ్లైటును కూడా తట్టుకునేలా చేసింది. అర్క వికాస్ లాంటివి హైబ్రిడ్లు కావు, విత్తనం మనమే తీసి పెట్టుకోవచ్చు. అర్క రక్షక్ గురించి ఒక లెక్క పత్రికల్లో బాగా తిరిగింది. చిక్కబళ్లాపురం వైపు ఒక రైతు అర ఎకరాలో 2,000 మొక్కలు నాటి 38 టన్నులు తీశాడని, అంటే మొక్కకు 19 కిలోలని. ఆ కాపు మన చేలో వస్తుందని నేను చెప్పను, అలాంటి లెక్కలు పోస్టర్ల మీద చాలా చూశాం. నేను చూసేది 2,000 అన్న అంకె. అర ఎకరాకు 2,000 అంటే ఎకరాకు 4,000 మొక్కలు. గొప్పగా చెప్పుకున్న ఆ కాపు వచ్చింది పలచటి నాటులో. షాపాయన ఈ కథ చెప్పేటప్పుడు 19 కిలోలు చెబుతాడు, 4,000 చెప్పడు.

మరి ఈ రకాలు మన నర్సరీ ట్రేల్లో ఎందుకు కనపడవు? ఆ సంస్థ విత్తనం ఆన్‌లైన్‌లో అమ్ముతోంది, పోస్టులో వస్తుంది. నలుగురు చదువుకున్న పిల్లలు తెప్పించుకుంటారు. ఊరు మొత్తం నాటాలంటే నర్సరీలో నారు దొరకాలి, దొరకాలంటే ఎవరో పూనుకుని ముందుగా పోయించాలి. ఉద్యానశాఖ ఆ పని చేయవచ్చు. మన మండలాల్లో ప్రతి సీజనుకు ముందు ప్రభుత్వ రకాలు, కంపెనీ రకాలు పక్కపక్క మడుల్లో నాటి, మండీ వ్యాపారులను కూడా పిలిచి కాయ చూపించవచ్చు. లారీకి ఏది నిలబడుతుందో, ఏది నిలబడదో అందరి కళ్ల ముందే తేలిపోతుంది. ప్రభుత్వ రకం ఓడిపోతే ఓడిపోనీ, కనీసం పందెం పెట్టమంటున్నాం.

ఫ్యాక్టరీ వస్తే గట్టెక్కుతామనే మాట ఇంకొకటి. 2018-19 కేంద్ర బడ్జెటులో టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం ఆపరేషన్ గ్రీన్స్ అని 500 కోట్లు ప్రకటించారు. ధర పడినప్పుడు గుజ్జు తీసే ఫ్యాక్టరీలు కొంటాయని చెబుతూనే ఉన్నారు. గుజ్జుకు కావలసిన కాయ వేరు. రసంలో నీళ్లు తక్కువ, గట్టి పదార్థం ఎక్కువ ఉండాలి, తొడిమ లేకుండా ఊడి రావాలి. అర్క విశేష్, అర్క అపేక్ష అలాంటి రకాలు. మనం లారీ కోసం వేసిన కాయను ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తీసుకుపోతే, పనికిరాదని ఊరికే వచ్చే ధర చెబుతారు. నాటక ముందే రకం, ధర, ఎన్ని టన్నులు కొంటారు అన్నది రాతపూర్వకంగా ఉంటేనే ఫ్యాక్టరీ రైతుకు పనికొస్తుంది. లేకుంటే అది పెద్ద సైజు మండీ.

నారు నకిలీ అయితే ఏం చేయాలి? రెండేళ్ల కింద మా ఊళ్లో నాతో సహా ఆరుగురం ఒకే నర్సరీలో నారు తెచ్చాం. కోలకాయ రకం అన్నారు. గుండ్రంగా, మెత్తగా వచ్చింది, రెండు రోజులకే ముడత పడింది. బిల్లు నారు తెచ్చిన రోజే అడిగాం, పుస్తకం అయిపోయిందన్నాడు. కాయ చూపిస్తే వాతావరణం అన్నాడు. ఇది ఒక్క నర్సరీ కథ కాదు, మీ ఊళ్లో కూడా ఉంటుంది. నర్సరీలు రిజిస్టరు చేసుకోవాలన్న చట్టం మన రాష్ట్రంలో 2010లోనే వచ్చింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో 39వ సెక్షను రెండో భాగం చదవండి. రిజిస్టరయిన రకాన్ని అమ్మేవాడు ఏ పరిస్థితిలో ఎంత దిగుబడి వస్తుందో రైతుకు చెప్పాలి, అది రాకపోతే రైతు ఆ చట్టం కింద ఏర్పడిన అథారిటీ దగ్గర పరిహారం అడగవచ్చు. “ఏ పరిస్థితిలో” అన్న మాటలోనే ఎడం కూడా ఉంది. పోస్టరు మీద టన్నులు రాసే కంపెనీ, ఏ మడికి, ఎంత దూరంలో, ఏ నెలలో నాటితే ఆ టన్నులో కూడా రాయాలి. రాయమని అడిగే నోరు ఒక్క రైతుకు చాలదు, సంఘానికి ఉంది.

ఇక ధర. 2023 జూలై, ఆగస్టుల్లో మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటింది. అప్పుడు ప్రభుత్వాలు ఎంత చురుగ్గా కదిలాయో చూశాం. మన దగ్గర, కర్ణాటకలో, మహారాష్ట్రలో కేంద్ర సంస్థలు కాయ కొని ఢిల్లీలో కిలో 90కి, తర్వాత 80కి, 70కి, ఆగస్టులో 50కి, 40కి అమ్మాయి. నేపాల్ నుంచి దిగుమతి మొదలుపెట్టామని ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పారు. తినేవాడికి ధర తగ్గించడం తప్పు కాదు. మరి సెప్టెంబరు వచ్చేసరికి మన కాయ కోత కూలికి కూడా రాక పారబోసినప్పుడు ఆ లారీలు ఎక్కడికి పోయాయి? పత్తికొండలో కిలో రూపాయికి అడిగే దిక్కులేక పశువులకు వేసిన రోజులు ఎన్ని సార్లు చూడలేదు? పెరిగినప్పుడు నెల తిరక్కుండా పనిచేసే యంత్రాంగం, పడినప్పుడు మాత్రం “రైతుకు ప్లానింగ్ లేదు” అంటుంది. కేరళ 2020 నవంబరు నుంచి 16 కూరగాయలు, దుంపలకు సాగు ఖర్చు మీద 20 శాతం కలిపి కనీస ధర పెట్టింది, టమోటాకు కిలో 8 రూపాయలు. ఎనిమిది మనకు చాలుతుందా లేదా అన్నది వేరే చర్చ. పెట్టవచ్చు అన్నది మాత్రం రుజువైంది. టమోటా పెద్దగా పండించని వాళ్లు పెట్టారు, దేశానికి టమోటా పంపే మనకు లేదు.

ధర వచ్చేదాకా మనం చేయగలిగినది చేద్దాం. రెండెకరాలుంటే రెండెకరాలూ ఒకేరోజు నాటకండి. మూడు ముక్కలు చేసి మూడు వారాల ఎడంతో నాటండి, కనీసం రెండు రకాలు పెట్టండి. ఒక ముక్కలో చిక్కుడో, బంతో, జొన్నో పెట్టి ఆ మడికి టమోటా నుంచి విశ్రాంతి ఇవ్వండి. తెల్లదోమ సీజన్లో చేను చుట్టూ రెండు మూడు వరసలు మొక్కజొన్న వేయండి. వానాకాలానికి 5 అడుగుల మడులు, అడుగున్నర ఎడం పెట్టి చూడండి. నమ్మకం లేకపోతే పది మడులు అలా, పది మడులు మీ పాత కొలతలో నాటి, మందుల ఖర్చు విడివిడిగా రాసుకోండి. వేసవిలో కాయకు నీడ కావాలి కాబట్టి కొంచెం దగ్గర చేయండి. అన్ని సీజన్లకూ ఒకే కొలత అన్నది పైపుకు సుఖం, చెట్టుకు కాదు.

మండల కమిటీల ముందున్న కోరికలు ఇవి. నర్సరీ ప్రతి ట్రేకు రకం పేరు, విత్తనం లాటు నంబరు రాసిన చీటీ ఇవ్వాలి. ప్రతి టమోటా మండలంలో రకాల పోటీ మడులు, వాటితోపాటు ఎడం మడులు ప్రభుత్వం వేసి ఫలితాలు గోడ మీద రాయాలి. డ్రిప్పు డిజైను రైతు చెప్పిన మడి కొలత ప్రకారం వేయాలి, కౌలుదారు కార్డుకు కూడా ఇవ్వాలి. ఖర్చు మీద లెక్క కట్టి టమోటాకు కనీస ధర ప్రకటించాలి, కిందికి పడిన రోజే కొనుగోలు మొదలుపెట్టాలి.

వీటిని అడగడానికి మన చేతిలో కాగితం ఉండాలి. ఈ సీజన్లో విత్తనం ఖాళీ ప్యాకెట్‌ను గట్టు మీద పారేయకండి. ప్యాకెట్, నర్సరీ బిల్లు దాచి పెట్టండి. ఒక తెల్లకాగితం మీద నాటిన తేదీ, రకం, మడికీ మడికీ ఎన్ని అడుగులు, మొక్కకూ మొక్కకూ ఎన్ని అంగుళాలు, ఎన్నిసార్లు మందు కొట్టారు, మొదటి రకం ఎన్ని క్రేట్లు, రెండో రకం ఎన్ని క్రేట్లు రాయండి. బిల్లు ఇవ్వకపోతే “బిల్లు ఇవ్వలేదు” అని తేదీతో సహా రాయండి. కోత అయ్యాక ఆ కాగితం మీ గ్రామ కమిటీ కార్యదర్శికి ఇవ్వండి.